బావి పక్కన పొలం



కామా గురించి రేడియోలో ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అది కంటికి కనబడేదే కానీ చెవికి వినబడేది కాదు కదా అంటారు. సరే, ఆస్తి పంపకాల వాక్యం ఒకటి చెబుతాను, వినండి.

"పెద్దవాడికి మగ్గం, బావి పక్కన పొలం."

దాన్నే ఇంకోలా చెబుతాను.

"పెద్దవాడికి మగ్గం, బావి, పక్కన పొలం."

మాటలు అవే, వరస అదే. మొదటిదాంట్లో పెద్దవాడికి దక్కినవి రెండే, మగ్గమూ పొలమూ. ఆ పొలం ఎక్కడుందో తెలియడానికి బావిని గుర్తు చెప్పారంతే. బావి ఎవరిదో ఆ వాక్యం చెప్పలేదు. రెండోదాంట్లో బావి కూడా పెద్దవాడిదైపోయింది. ఇక చిన్నవాడు నీళ్ళకోసం అన్న గడప తొక్కాల్సిందే. ఈ తేడా మీకు వినబడింది. నేను ఎక్కడ ఆగానో అదే కామా. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ దాన్ని మరిచిపోరు. కాగితం మీదికి వచ్చేసరికే మరిచిపోతారు.

తమిళనాడులో వేలూరు దగ్గరున్న గుడియాత్తం వాళ్ళకు ఈ మూడు ఆస్తుల విలువ వేరే చెప్పక్కర్లేదు. లుంగీలు నేసే ఊరు కాబట్టి మగ్గమంటే ఇంటిల్లిపాది బతుకు. ఇక నీళ్ళ సంగతి. పలమనేరు కొండల వైపునుంచి దిగివచ్చే కౌండిన్య ఊళ్ళోంచే పారుతుంది, వాన కురిసినప్పుడు. మిగతా నాళ్ళలో ఇసుక. వేలూరులో పాలారు చూసినవాళ్ళకూ ఇదేమీ కొత్త కాదు. అలాంటి చోట బావి ఎవరి వాటాలో పడిందన్నది అన్నదమ్ములకు చిన్న మాట కాదు.

ఈ ప్రాంతంలో దస్తావేజు అంటే ఏ భాషలో అనే ప్రశ్న కూడా వెంటనే వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా గుడియాత్తమూ పలమనేరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరు. ఆ తర్వాతే వేలూరు ముఖ్యపట్టణమైంది. జిల్లాలు విడిపోయినా ఇళ్ళలో తెలుగు విడిపోలేదు. బయట తమిళం, వంటింట్లో తెలుగు. రెండు భాషల మధ్య మసిలేవాళ్ళకు ఈ కామా గొడవ ఇంకాస్త బాగా అర్థమవుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

బావి విషయంలో నేను చెప్పింది కల్పించిన వాక్యమే. కానీ అచ్చంగా అలాంటి పొరపాటు అమెరికా ప్రభుత్వం 1872లో చేసింది. విదేశాలనుంచి వచ్చే ఏయే సరుకులకు సుంకం అక్కర్లేదో చెప్పే జాబితాలో "పండ్ల మొక్కలు" అని ఉండాలి, అంటే నాటుకోవడానికి తెచ్చుకునే మొక్కలన్నమాట. అచ్చులో ఆ రెండు మాటల మధ్య ఒక కామా పడింది. "పండ్లు, మొక్కలు" అయింది. ఇంకేం, నారింజలూ నిమ్మకాయలూ దిగుమతి చేసే వర్తకులు మా సరుక్కీ సుంకం లేదన్నారు. సర్కారు ఖజానాకు లక్షల డాలర్ల గండి పడింది. మన బావి లాంటిదే ఆ పండు కూడా. దేన్నో వర్ణించడానికి వచ్చిన మాట, కామా పడగానే తానే ఒక సరుకై కూర్చుంది.

కామా లేకపోవడం వల్ల వచ్చిన తంటా కూడా అక్కడే, అమెరికాలోనే, మొన్నమొన్న జరిగింది. మెయిన్ అనే రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అని ఒక పాల కంపెనీ ఉంది. ఆ రాష్ట్ర చట్టం కొన్ని పనులకు ఓవర్‌టైమ్ జీతం ఇవ్వనక్కర్లేదని చెప్పింది. డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వ చెయ్యడం, ఇలా సాగిన జాబితా చివరికి వచ్చేసరికి "రవాణాకోసం లేదా పంపిణీకోసం మూట కట్టడం" అని చదవాలా, "రవాణాకోసం మూట కట్టడం" ఒక పని, "పంపిణీ చెయ్యడం" మరో పని అని చదవాలా తెలియకుండా పోయింది. రెండు మాటల మధ్య కామా లేదు. లారీ డ్రైవర్లు చేసేది పంపిణీ, మూట కట్టడం కాదు. కాబట్టి చట్టం మమ్మల్ని మినహాయించలేదు, మాకు ఓవర్‌టైమ్ రావాలి అని దావా వేశారు. 2017లో అప్పీలు కోర్టు, మాట రెండు రకాలుగా ఉంది కనుక పనివాళ్ళ పక్షానే అర్థం చెప్పుకోవాలంది. మరుసటి ఏడు కంపెనీ 50 లక్షల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. మెయిన్ శాసనసభ ఆ జాబితాను సవరించి కామాలు తీసేసి సెమికోలన్లు పెట్టింది. ఇక ముందు ఎవరూ అడగకుండా!

మన దేశంలో కోర్టులు మొదట్లో కామాను పెద్దగా ఖాతరు చెయ్యలేదు. 1952లో అశ్వినీకుమార్ ఘోష్ కేసులో సుప్రీం కోర్టు, చట్టంలో మాటల అర్థం స్పష్టంగా ఉంటే విరామ చిహ్నాలకు రెండో స్థానమే అని చెప్పింది. ఇంగ్లండులో పాత చట్టాలకు అసలు కామాలే ఉండేవి కావు, ఆ సంప్రదాయం మనకూ వచ్చింది. కానీ 1979లో మహమ్మద్ షబ్బీర్ కేసులో అదే సుప్రీం కోర్టు ఒక కామా కోసం వెతికింది. అది మందుల చట్టానికి సంబంధించిన వ్యవహారం. అనుమతి లేని మందుల్ని అమ్మడం, నిల్వ పెట్టడం లేదా అమ్మకానికి చూపించడం నేరం అనే జాబితా అది. ఇంగ్లీషులో "అమ్మకానికి" అన్న మాట చివర్న ఉంటుంది. అది చూపించడానికి మాత్రమే వర్తిస్తుందా, నిల్వకు కూడానా? "నిల్వ" తర్వాత కామా లేదు, కాబట్టి రెండూ ఒక జట్టు, రెంటికీ "అమ్మకానికి" వర్తిస్తుంది అన్నారు న్యాయమూర్తులు. అంటే ఊరికే దగ్గర పెట్టుకున్నంతమాత్రాన ఆ సెక్షన్ కింద నేరం కాదు, అమ్మడానికి పెట్టుకున్నట్టు రుజువు కావాలి. మనిషి జైలుకు వెళ్ళాలా వద్దా అన్నది అక్కడ లేని ఒక కామా మీద ఆధారపడింది.

ఈ ఇంగ్లీషు కేసులన్నీ చదివాక నాకొక సంగతి తట్టింది. వాళ్ళ తంటా చాలావరకు జాబితా తోకలో ఉంటుంది. మనది తలలోనూ ఉంటుంది, తోకలోనూ ఉంటుంది. తెలుగులో విశేషణం ముందు వస్తుంది, విభక్తి వెనక వస్తుంది. రెండు వైపులా గుంజాటనే.

తల సంగతి ముందు చూద్దాం. దుకాణం బోర్డు మీద "చేనేత లుంగీలు, తువ్వాళ్ళు, దుప్పట్లు" అని ఉందనుకోండి. చేనేత అన్నది లుంగీలకేనా, మూడింటికీనా? కొనేవాడు మూడింటికీ అనుకుంటాడు, అమ్మేవాడు అడిగితే లుంగీలకే అంటాడు. చట్టం ముందు ఇది తేలిక విషయం కాదు. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టల్ని మరమగ్గం మీద నెయ్యకూడదని జాబితా వేసింది. మొదట 22 రకాలుండేవి, తర్వాత 11కి తగ్గించారు, వాటిలో లుంగీ ఉంది. అందువల్ల చేనేత అన్న ఒక్క మాట ఎక్కడిదాకా పాకుతుందో గుడియాత్తం నేతగాడికి కూటి ప్రశ్న.

ఇలాంటిదే ఇంకొకటి. ప్రతి ఏడూ మే నెల నడుమ, తమిళుల వైకాశి మొదటి రోజున, గుడియాత్తంలో గంగమ్మ శిరసు పండగ జరుగుతుంది. అమ్మవారి శిరసును ఊరేగించి కౌండిన్య ఒడ్డున గుడికి తెస్తారు, ఇసక వేస్తే రాలనంత జనం. అలాంటి పండగకు "నది ఒడ్డున బండ్లు, దుకాణాలు, మైకులు పెట్టరాదు" అని ఎవరైనా నోటీసు రాశారనుకుందాం. మైకులు నది ఒడ్డునే వద్దా, ఊరంతా వద్దా? నోటీసు రాసినవాడి మనసులో ఒకటుంటుంది, మైకులు అద్దెకిచ్చేవాడి మనసులో ఒకటుంటుంది.

తోక సంగతికి వస్తే మందుల చీటీ చాలు. వేలూరంటే మన జిల్లాల వాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇప్పుడు సీఎంసీ. చిత్తూరు నుంచీ కడప నుంచీ నెల్లూరు నుంచీ జబ్బు ముదిరినవాళ్ళు కాట్పాడిలో రైలు దిగి వస్తూనే ఉంటారు. వాళ్ళకు తోడుగా వచ్చినవాళ్ళు డాక్టరు చెప్పింది తెలుగులో రాసుకుంటారు. "ఉదయం, రాత్రి భోజనం తర్వాత రెండు మాత్రలు." ఇప్పుడు చెప్పండి, ఉదయం మాత్ర పరగడుపునా, టిఫిన్ తర్వాతా? భోజనం తర్వాత అన్నది రాత్రికే వర్తిస్తే ఒక అర్థం, రెంటికీ వర్తిస్తే ఇంకో అర్థం. రెండు మాత్రలు పూటకా, రోజుకా అన్నది మరో ప్రశ్న. కామా ఉండి కూడా ఇక్కడ ఏమీ తేల్చలేదు. ఇలాంటివి జాబితాగా రాసుకోవద్దు. ఉదయానికి ఒక వరస, రాత్రికి ఒక వరస, వేరువేరుగా రాసుకోవాలి. కాగితం పొదుపు చేసే చోటు కాదది.

ఇవన్నీ ఏ భాషలోనైనా కొంచెం అటూ ఇటూగా వచ్చేవే. తెలుగుకే సొంతమైన చిక్కొకటుంది. అది మన మర్యాద తెచ్చిన చిక్కు.

"మా బావగారు, డాక్టరుగారు, స్కూలు కరస్పాండెంటుగారు వచ్చారు."

ఎన్ని కుర్చీలు వెయ్యాలి? ముగ్గురు వచ్చి ఉండవచ్చు. లేదా వచ్చింది బావగారొక్కరే, ఆయనే డాక్టరు, ఆయనే కరస్పాండెంటు. ఇద్దరని కూడా అనుకోవచ్చు, డాక్టరైన బావగారూ వేరే కరస్పాండెంటుగారూ. ఇంగ్లీషులో అయితే చాలాసార్లు క్రియే చెప్పేస్తుంది, ఒకరా పలువురా అని. మనకూ "వచ్చాడు" అంటే ఒకడే అని తేలిపోతుంది. కానీ బావగారిని "వచ్చాడు" అంటామా? "వచ్చారు" అనగానే ఒకరికీ ముగ్గురికీ తేడా పోయింది. మనిషి గౌరవం పెరిగేకొద్దీ మన వ్యాకరణానికి లెక్క రాదు. ఈ మాటలో కామా కూడా చేతులెత్తేస్తుంది, ఎందుకంటే పేరు తర్వాత హోదా చెప్పడానికీ కామాయే, ఒక మనిషి తర్వాత ఇంకో మనిషిని చెప్పడానికీ కామాయే.

ఇదే చిక్కు పెళ్ళి పత్రికలో పడితే చూడండి. "కీ.శే. మునిస్వామి, మునెమ్మ గార్ల మనవడు." పాపం, మునెమ్మగారు నిక్షేపంగా ఉన్నారు. పత్రిక పట్టుకుని అందరికీ పంచుతున్నదే ఆవిడ. కానీ ఆ కీ.శే. అన్నది మునిస్వామిగారి దగ్గర ఆగిందో, కామా దాటి ఆవిడ మీదికి పోయిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? కీర్తిశేషులు అన్నా సందేహం తీరదు. అది ఒకరికి మర్యాదా అవుతుంది, ఇద్దరికి బహువచనమూ అవుతుంది.

దీనికి మందు కామా కాదు, వరస. ఉన్నవాళ్ళను ముందు చెప్పండి. "మునెమ్మ, కీ.శే. మునిస్వామి గార్ల మనవడు" అంటే ఇక తగాదా లేదు. తలలో ఉన్న విశేషణం వెనక్కి పాకదు, ముందుకే పాకుతుంది. దుకాణం బోర్డుకూ అదే చిట్కా. చేనేత లుంగీలను చివర్న పెడితే చాలు. భర్త పేరు తర్వాత భార్య పేరు రాయడం ఆనవాయితీ కదా అంటారేమో. ఆనవాయితీకోసం బతికున్న మనిషిని చంపుకోనక్కర్లేదు.

ఇంతకీ కామా మనది కాదు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఎడమే ఉండేది కాదు, ఇక కామా ఎక్కడిది? అది అచ్చుయంత్రంతోపాటు వచ్చింది. బళ్ళో వాక్యాంశ బిందువు అని నేర్పుతారు కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేనెక్కడా చూడలేదు. మరి కామా రాకముందు తెలుగువాళ్ళు జాబితాలు ఎలా చెప్పుకున్నారు? దీర్ఘంతో. అమ్మా నాన్నా. ఆవూ దూడా. ఉప్పూ పప్పూ చింతపండూ. ప్రతి మాట చివరా అచ్చు సాగుతుంది, ఇది ఒకటి, ఇది ఒకటి అని లెక్కపెట్టినట్టు. తమిళులు ఇదే పనికి చివర "ఉం" చేరుస్తారు. అమ్మావుం అప్పావుం. వేలూరు, గుడియాత్తం తెలుగువాళ్ళు బజార్లో ఒకటీ ఇంట్లో ఒకటీ వాడుతూనే ఉంటారు. రెండు భాషల మధ్య మసిలేవాళ్ళకు ఈ సంగతి బాగా అర్థమవుతుందని ఇందాక అన్నది ఇందుకే.

ఇప్పుడు మన బావి దగ్గరికి పోదాం. "మగ్గమూ బావి పక్కన పొలమూ." ఇది ఒక వాటా. "మగ్గమూ బావీ పక్కన పొలమూ." ఇది వేరే వాటా. కామా ఒక్కటీ లేదు. బావి, బావీ. ఆ గుడిదీర్ఘం కామా అంత తేలిగ్గా జారిపోదు. కామా అయితే ఈగ రెట్ట వేసినా పుడుతుంది. అది రెండు మాటల మధ్య గోడ మీద కూర్చునేది, ఎటువైపుదో చెప్పలేం. దీర్ఘం మాటలోనే ఉంటుంది. నా మటుకు నాకు దీర్ఘమే గట్టిది.

గట్టిదే కానీ దానికీ ఒక లొసుగు ఉంది. తెలుగులో పిలుపుకు కూడా దీర్ఘమే వాడతాం. "అక్కా బావా పిల్లోళ్ళూ వచ్చినారు" అని ఇంట్లోకి ఎవరో కేకేస్తారు. వచ్చింది అక్క కుటుంబమంతా. అదే "అక్కా, బావా పిల్లోళ్ళూ వచ్చినారు" అంటే అక్క ఇంట్లోనే ఉంది, ఆమెకే కబురు చెబుతున్నారు, నీ మొగుడూ పిల్లలూ వచ్చారని. ఇక్కడ మాత్రం కామా పెట్టకపోతే కుదరదు. దీర్ఘం పిలుపా, జాబితాయా అని తేల్చేది ఆ కామా ఒక్కటే. ఇంతకు మించిన మంచి ఉద్యోగం తెలుగులో కామాకు నాకు కనబడలేదు.

ఈ మధ్య పిల్లలు ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతున్నారు. వేలూరు లాంటి చోట ఇది మరీ ఎక్కువ, తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు లిపి బళ్ళో నేర్చుకోలేదు. ఆ రాతలో దీర్ఘమూ పోతుంది, కామా ఎలాగూ పెట్టరు. "అక్క బవ పిల్లలు వచరు." స్టేషనుకు ఎవరు పోవాలి, ఎందరికి వండాలి, దేవుడికెరుక. మళ్ళీ ఫోన్ చేసి అడగాల్సిందే. అప్పుడు నోటితో చెబుతారు, అప్పుడు అర్థమవుతుంది.

మన పత్రికలూ ప్రభుత్వ ప్రకటనలూ చేసిన అపకారం వేరే ఉంది. దీర్ఘాలన్నీ పీకేసి, ఇంగ్లీషు పద్ధతిలో కామాలు పెట్టి, ఆఖరి మాటకు ముందు "మరియు" తగిలించారు. మంత్రి, కలెక్టరు మరియు ఎమ్మెల్యే. ఆ "మరియు"కు ముందు కామా ఉండాలా వద్దా అని ఇంగ్లీషువాళ్ళు ఆక్స్‌ఫర్డ్ కామా పేరుతో ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మంత్రీ, కలెక్టరూ, ఎమ్మెల్యే ముగ్గురూ అనుకుంటే మనకు ఆ తగాదాయే లేదు. ఆ చివరి "ముగ్గురూ" చూశారా, అది మన పెద్దవాళ్ళ పద్ధతి. జాబితా చెప్పి లెక్క చెబుతారు. బావగారూ డాక్టరుగారూ ఇద్దరూ వచ్చారు. కుర్చీలు రెండు. దస్తావేజు లేఖరులు కూడా ఇలాగే జాగ్రత్తపడతారు. సొమ్మును అంకెల్లో వేసి పక్కనే "అక్షరాలా" అని మాటల్లో రాస్తారు, హద్దులు నాలుగు దిక్కులా విడివిడిగా చెబుతారు, సదరు బావి, సదరు పొలం అని విసుగు పుట్టేదాకా మళ్ళీ మళ్ళీ అంటారు. చదవడానికి ఇంపుగా ఉండదు నిజమే. కానీ బావి ఎవరిదో తెలుస్తుంది.

శ్రోతలకు ఒక్క విన్నపం. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే అచ్చాఫీసుల్లో తీరిక ఉండదు, ప్రూఫును మీ దగ్గర ఒక పూట కూడా ఉండనివ్వరు. అయినా సరే, దాన్ని ఇంటికి తీసుకురండి. మునెమ్మగారి లాంటి పెద్దావిడ ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, కామా ఉన్నచోటల్లా ఆగుతూ, గట్టిగా చదివి వినిపించండి. ఆవిడ ఊఁ కొట్టాకే అచ్చుకివ్వండి.